సముద్రం ఆట మీద నా అభిప్రాయం

మా కాలేజీలో మూడో అంతస్తు మెట్లెక్కగానే గోడకి ఒక అద్దాల బోర్డు ఉండేది. నెలకోసారి అందులో తెలుగు గోడపత్రిక పెట్టేవారు. స్కెచ్ పెన్నులతో రాసిన కవితలు, ఒక మూల జోకులు, ఇంకో మూల పరీక్షల్లో ఫస్టొచ్చినవాళ్ళ పేర్లు. కుడివైపు కింద జానెడు జాగా నాది. కంప్యూటర్ గేముల మీద నా అభిప్రాయాలు అక్కడ ఉండేవి. ఇంటర్వెల్లో పదిమంది దాని ముందు నిలబడి చదువుకుని నవ్వుతుంటే, నేను ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని పక్కనుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. ఆ నడక గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. భీమవరంలో మా నాన్నగారికి రొయ్యల చెరువులు. పంట బాగా చేతికొచ్చిన ఒక ఏడాది మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. మా క్లాసులో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళం ముగ్గురమో నలుగురమో, అంతే. మిగతావాళ్ళు వారానికి రెండుసార్లు ల్యాబులో ఇద్దరికో సిస్టమ్ చొప్పున కూర్చునేవారు. అక్కడ ఆటలు ఆడితే ల్యాబ్ అసిస్టెంట్ గారు చెవి మెలిపెట్టేవారు. అంచేత ఆటల విషయంలో నేను చెప్పిందే వేదం.

మా వైపు రొయ్యకి కౌంట్ అని ఒక లెక్క ఉంది. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, అంటే పెద్ద రొయ్య, మంచి సరుకు. వంద తూగితే పొట్టి సరుకు. నేను గేములకి మార్కులు ఆ లెక్కలోనే వేసేవాణ్ణి. సొరంగాల్లో తుపాకీ పట్టుకుని తిరిగే ఆట గురించి ఇలా రాశాను: "బొమ్మలు బ్రహ్మాండం. శత్రువులకి మాత్రం బుర్ర లేదు. పీపా వెనకాల దాక్కున్నవాడు మనం వెళ్ళేదాకా పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు అక్కడే కూర్చుంటాడు. నలభై కౌంట్." కోటలు కట్టి ఏనుగుల్ని నడిపించే ఆట గురించి: "పక్క రాజ్యం వాడు మనం బలపడేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తాడు. ఇంత మర్యాద తెలిసిన శత్రువు గోదావరి జిల్లాలోనే పుట్టి ఉండాలి. పనివాళ్ళు కట్టెలు కొట్టమంటే అడవి అయిపోయేదాకా కొడతారు. అలాంటివాడు ఒక్కడు మా చెరువు గట్టు మీద ఉంటే మా నాన్నగారు ధన్యులు. ముప్పై కౌంట్."

కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవారు. లెక్చరర్లు కూడా బోర్డు దగ్గర ఆగేవారు. కొన్ని ఆటలు నేను సగంలో వదిలేసేవాణ్ణి, అయినా మొత్తం ఆడినట్టే రాసేవాణ్ణి. ఎవరికి తెలుస్తుంది? మిగతావాళ్ళు ఆడితే కదా!

ఫైనలియర్ మొదలవగానే ప్రాజెక్టుల గోల మొదలైంది. అప్పట్లో ప్రాజెక్టంటే నూటికి తొంభైమంది లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేసేవారు. పుస్తకం ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చారు, అంతే. సీనియర్లది తీసుకుని పేర్లు మార్చి బైండింగ్ చేయిస్తే పనైపోయేది. ఈ గొడవలో మా క్లాసులో ఒకమ్మాయి మాత్రం తను సొంతంగా రాసిన గేమునే ప్రాజెక్టుగా పెడతానంది. ఆమెది ఉప్పాడ. నేత పని చేసుకునే కుటుంబం. హాస్టల్లో ఉండేది. మొదటి బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. నాలుగేళ్ళలో నేను ఆమెతో పది మాటలు మాట్లాడి ఉంటానేమో.

మా హెచ్.ఓ.డి. గారికి గేమన్న మాటే నచ్చలేదు. అలాగని కాదనడానికి ఆయనకి దాని గురించి ఏమీ తెలియదు. అందుకని ఆయనో తీర్పు చెప్పారట. "గోడపత్రికలో గేముల మీద రాసేవాడున్నాడుగా, అతను చూసి బాగుందంటే నాకేం అభ్యంతరం లేదమ్మా. లేదంటే బుద్ధిగా లైబ్రరీ చేసుకో."

ఆ సాయంత్రం ఆమె క్యాంటీన్ దగ్గర నన్ను ఆపి, నోట్‌బుక్కు మధ్యలోంచి ఒక ఫ్లాపీ తీసి ఇచ్చింది.

"ఏమండీ, ఇది కాస్త ఆడి చూస్తారా? సార్ మీ మాట మీద వదిలేశారండి."

"ఏం గేమండి? షూటింగా, స్ట్రాటజీయా?"

"ఏమో అండి. మా ఊరండి. సముద్రం వస్తా ఉంటుంది."

"ఎన్ని గంటలు పడుతుంది?"

"అది మీరు ఆడేదాన్ని బట్టండి," అని కొంచెం నవ్వింది. "తొందరేం లేదండి. మొత్తం ఆడి చెప్పండి చాలు. రెండేళ్ళు పట్టిందండి నాకు."

అలాగేనండి అన్నాను. ఆ ఫ్లాపీ మీద ఆమె ఆశంతా ఉందని నాకు తెలుసు. తెలీక చేశానని చెప్పుకునే వీల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, కర్టెన్లు వేసి కూర్చున్నాను. సీ లాంగ్వేజీలో రాసిన ఆట. పదహారే రంగులు. కుడివైపు నీలంగా సముద్రం, మధ్యలో ఇసుక, ఎడమవైపు వరసగా పెట్టెల్లాంటి ఇళ్ళు, కొన్ని పడవలు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ఈ ఏడాది మీ దగ్గర ఇంతమంది మనుషులున్నారు, ఇన్ని రాళ్ళున్నాయి, ఇన్ని తాటిదుంగలున్నాయి, ఏం చేస్తారు? ఏం చేస్తాను, శత్రువు ఎదురుగా కనిపిస్తుంటే! అందర్నీ రాళ్ళ మీద పెట్టి ఒడ్డు పొడుగునా గోడ కట్టేశాను. స్ట్రాటజీ ఆటల్లో మొదట కోటగోడే కదా. ఒక ఏడాది నిలిచింది. రెండో ఏడాది ఇంకో వరస కట్టాను. మూడో ఏడాది సముద్రం గోడనీ, దాని వెనకున్న రెండు వీధుల్నీ ఒక్క ఊపులో ఊడ్చుకుపోయింది. స్క్రీన్ మీద రెండే వాక్యాలు మిగిలాయి. ఇళ్ళు పోయాయి. మనుషుల్ని ఎక్కడికి పంపుతారు?

ఓడిపోయావని చెప్పే తీరు అనుకుని ఎస్కేప్ కొట్టేశాను. మళ్ళీ ఆడాను. ఈసారి గోడ రెట్టింపు మందం కట్టాను. మళ్ళీ మూడో ఏడాదే. మూడోసారీ అంతే. భీమవరంలో ఎక్కడ నలుగురు కూర్చుని ఆడినా నెగ్గేది నేనే. అలాంటిది, ఇంట్లో కంప్యూటర్ కూడా లేని ఒక అమ్మాయి రాసిన ఆటలో ముచ్చటగా మూడుసార్లు చావుదెబ్బ తిన్నాను. ఒళ్ళు మండిపోయింది. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. మొత్తం కలిపి అరగంట కూడా ఆడలేదు. ఆ వేడిలోనే కాగితం తీసుకున్నాను.

ఆ రాత నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మర్చిపోదామన్నా పోదు. "ఈ నెల మన కాలేజీ తయారీ. శత్రువు సముద్రం. మన చేతిలో ఒక్క ఆయుధం లేదు. తుపాకీ లేదు, బాంబు లేదు, కనీసం చేపలు పట్టే వల కూడా లేదు. మనం గోడ కడతాం, అది తీసుకుపోతుంది. ఆట చివరిదాకా ఇదే. గెలిచే దారే లేని ఆటని ఆట అనరు, వాతావరణ సూచన అంటారు. రేడియోలో వింటే సరిపోతుంది. కౌంట్ వేయడానికి సరుకే లేదు. తెల్లమచ్చ."

తెల్లమచ్చంటే రొయ్యలకి వచ్చే తెగులు. వచ్చిందంటే చెరువు చెరువంతా తుడిచిపెట్టుకుపోతుంది. భీమవరంలో ఎవరూ ఆ మాట సరదాకి అనరు. మా చెరువుకి అది వచ్చిన ఏడాది మా అమ్మ పొయ్యి వెలిగించని రోజులున్నాయి. అలాంటి మాటని నేను ఒక ఆటకి మార్కుగా వేశాను. అప్పటిదాకా ఏ ఆటకీ వేయలేదు. ఇంగ్లీషు కంపెనీల చెత్త ఆటలు ఎన్నో ఆడాను, వాటికీ వేయలేదు.

"ఆట చివరిదాకా" అని రాశాను చూడండి, ఆ రెండు మాటలు పచ్చి అబద్ధం.

సోమవారం పొద్దున్న బోర్డు ముందు తిరునాళ్ళలా జనం. "వాతావరణ సూచన" అనే మాట పట్టుకుని కుర్రాళ్ళు వారం రోజులు నవ్వారు. ఆమె క్లాసులోకి వస్తుంటే వెనక బెంచీల్లోంచి ఒకడు రేడియో గొంతుతో "కోస్తా జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల" అని మొదలుపెట్టాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. హెచ్.ఓ.డి. గారు ఆ జానెడు కాగితం చదివి, ఆమెని పిలిచి, "రాశాడు కదమ్మా, చూశావుగా" అన్నారట. రెండు రోజుల్లో ఆమె పేరు లైబ్రరీ మేనేజ్‌మెంట్ లిస్టులోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఒకరోజు ల్యాబులో నా పక్కకి వచ్చి నిలబడింది. తిడుతుందేమో అనుకుని నేను ముందే మొహం గంటు పెట్టుకున్నాను.

"ఒక్కటడగొచ్చాండి? గోడ పోయాక మీరేం చేశారండి?"

"ఏం చేయడానికేముందండి? ఆట అయిపోయిందిగా."

"అక్కడే మొదలవుద్దండి," అంది. "గోడ ఎవరు కట్టినా పోద్దండి. ముందు ఎవర్ని లోపలికి పంపాలి, మగ్గం ఎప్పుడు ఊడదియ్యాలి, ముసలోళ్ళు రామంటే ఏం చెయ్యాలి, అదండి ఆట. మా ఊళ్ళో అందరూ నెగ్గుతారండి. కర్సర్ ఇంటి మీద పెట్టి ఎంటర్ కొడితే లోపలికి కూడా తీసుకెళ్ద్ది. మీరు కొట్టలేదాండి?"

"కొట్టాను," అన్నాను. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసింది. "అదేం పెద్ద గొప్పగా అనిపించలేదండి."

ఆమె తల ఊపి తన సీటుకి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో అప్పుడు నాకు తెలియలేదు. ఆ క్షణంలో లేచి హెచ్.ఓ.డి. గారి గదికి వెళ్ళి, సార్, నేను సగం కూడా ఆడలేదు, నాకు ఆడటం చేతకాలేదు అని చెప్పి ఉంటే సరిపోయేది. ప్రాజెక్టులు మార్చుకోవడానికి ఇంకా వారం టైముంది. ఆ వారం రోజులూ ఆయన గది ముందునుంచే తిరిగాను. లోపలికి వెళ్ళలేదు. పరువు పోతుందని భయం. ఏం పరువండి అది, జానెడు కాగితం పరువు!

అంతటితో ఆగినా కొంత నయం. ఆ తర్వాతి ఆదివారం ఒక స్నేహితుడు తుపాకీ ఆటలో నేను చేరిన చివరి లెవెల్ తనకి కావాలన్నాడు. దాన్ని ఫ్లాపీలో ఎక్కించి ఇవ్వాలి. ఎదురుగా ఆమె ఫ్లాపీ కనిపించింది. దాన్ని ఫార్మాట్ చేసేశాను. అంటే అందులో ఉన్నదంతా తుడిచేసి, నా ఆట ఎక్కించి ఇచ్చేశాను. వేరే ఫ్లాపీలు లేక కాదు. సొరుగులో ఇంకో రెండున్నాయి. చేయి దానికే వెళ్ళింది. కసి ఇంకా తగ్గలేదన్నమాట.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. భీమవరంలో నాలుగు రోజులు వాన, మా చెరువు గట్లకి ఇసుకబస్తాలు, అంతే. ఉప్పాడలో సముద్రం ఒక వీధిని తీసుకుపోయిందని పేపర్లో లోపలి పేజీలో వేశారు. నేను చదివి పేజీ తిప్పేశాను. ఆ వీధిలో ఆమె ఇల్లుందని నాకు తట్టలేదు.

వాన తెరిపిచ్చిన రెండో రోజు ఆమె వచ్చింది.

"నా ఫ్లాపీ మీ దగ్గరే ఉందాండి? నా దగ్గరున్నది బూజు పట్టి ఓపెనవ్వట్లేదండి. ల్యాబ్ సిస్టమ్‌లో వైరస్ వచ్చిందని మొత్తం తీసేశారు."

"ఇంట్లో ఉందండి. రేపు తెస్తాను."

చూడండి, అప్పుడు కూడా నిజం చెప్పలేదు. రేపటికి ఏదో ఒక వంక దొరక్కపోతుందా అనుకున్నాను.

మర్నాడు ల్యాబుకి వెళ్ళేసరికి ఆమె పక్కన ఒక పెద్దాయన ఉన్నారు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా బురద మరకలు, చేతిలో గుడ్డ సంచీ, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చారు. కంప్యూటర్లని తాకకుండా చేతులు రెండూ దగ్గరికి పెట్టుకుని నిలబడ్డారు. ఆమె నాన్నగారు. తెల్లారకముందే కాకినాడ వచ్చి భీమవరం బస్సెక్కారట.

"ఈయనేనా అమ్మా?" అని, నాకు దండం పెట్టారు. నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దాయన. "మా ఇల్లు పోయిందండి బాబూ. మగ్గం ముందే తీసేసాం, మనుషులం బానే ఉన్నాం. పిఠాపురంలో మా బామ్మర్ది ఇంట్లో ఉంటన్నాం. అమ్మాయి కంప్యూటర్లో మా ఇల్లంతా కట్టిందని ఎప్పుడూ చెప్తా ఉంటది. ఇంట్లో ఏనాడూ ఫోటో తీయించుకోలేదండి మేము. ఒక్కసారి చూసి పోదామని వచ్చానండి."

ఆమె నా చేతుల వైపు చూస్తోంది, ఫ్లాపీ కోసం.

"ఫ్లాపీ పాడైపోయిందండి," అన్నాను. "నిన్న పెట్టి చూస్తే రాలేదు."

ఫ్లాపీలు పాడవ్వడం రోజూ జరిగేదే, నా అబద్ధానికి వంక పెట్టడానికేం లేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయనే తేరుకుని నన్ను ఓదార్చారు. "పోనీలెండి బాబూ. ఇల్లే పోయింది, అదెంత. మీరేం బాధపడకండి." అని, వెళ్ళబోతూ ఆగారు. మొహంలో ఏదో వెలుగొచ్చింది. "మీరు ఆడారంట కదండి. మొత్తం చూశారంట. పోనీ మీరు చెప్పండి బాబూ, ఎలా ఉందండి మా ఇల్లు అందులో?"

అభిప్రాయాలు చెప్పడం నా పని. నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. ఆ ఇల్లు నేను చూడలేదు. స్క్రీన్ మీద పెట్టెల్లో అదెక్కడుందో కూడా తెలియదు. ఏ ఇంటి మీదా నేను ఎంటర్ కొట్టలేదు. ఆయన కళ్ళల్లోకి చూడలేక కీబోర్డు వైపు చూస్తూ మొదలుపెట్టాను.

"చాలా బాగుందండి. పెంకుటిల్లు... ముందు అరుగు..."

"అరుగా?" ఆయన ఆశ్చర్యపోయారు. "మాకు అరుగేదండి? అది ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది కదా. అమ్మాయి పుట్టకముందే."

ఇక అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. చెప్పాల్సింది కూడా. నేను ఆడలేదని ఆమెకి ఆ రోజు తెలియకపోతే, ఇప్పుడు తెలిసిపోయింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నేనే పెట్టాను నాన్నా," అంది. "నానమ్మ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పేదని నువ్వు చెప్పేవాడివి కదా. అందుకని అరుగు కూడా కట్టాను."

పెద్దాయన పంచె అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. "అరుగు కూడా కట్టావా అమ్మా," అన్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, "మగ్గం ఎటేపుందండి?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "కిటికీ పక్కనే నాన్నా. కాళ్ళు పెట్టుకునే గుంట కూడా తవ్వాను. గూట్లో దీపం పెట్టాను. ఆయన అన్నీ చూశారు."

ఆయన దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. నేత పనికి కాయలు కాసిన చేతులు.

"మా ఇల్లు ఆఖరుసారి చూసినోరు మీరే బాబూ," అన్నారు.

ఆమె తలొంచుకుని ఆయన సంచీ పట్టుకుని నిలబడింది. నేను "ఆయ్, అవునండి" అన్నాను.